సోంపుమొక్కయు దీవినక్కయు

భోజనానంతరము చిటికెడు సోంపు నోట వేసికొనని యిల్లు మన దేశమున అరుదు. పసిబిడ్డకు కడుపు ఉబ్బరించినచో సోంపునీరు కాచి ఉగ్గుగిన్నెతో పోయుదుము. చుట్టములు వచ్చినప్పుడు తాంబూలపు పళ్ళెరమున వక్కపొడి ప్రక్కన దానికొక చోటు తప్పక యుండును. ఇట్లు గింజను పుట్టినది మొదలుగా ఎరిగియు, ఆ మొక్క యెట్లుండునో మేమెన్నడును చూచి యుండలేదు. తుదకు దానిని చూచినది మన పొలములలో గాదు. పసిఫిక్ మహాసముద్రమున, కాలిఫోర్నియా తీరమున కెదురుగా నున్న శాంటాక్రూజ్ అను దీవిలో. అదే దినమున, అదే బాట ప్రక్కన, లోకమున ఆ దీవులయందు దప్ప మరెక్కడను లేని యొక నక్కను గూడ చూచితిమి. ఆ రెంటికిని గల సంబంధము విన్న పిమ్మట సోంపుడబ్బా మూత తీసినప్పుడెల్ల ఆ నక్క మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. అందుచేత సోదరీమణులకు ఆ ముచ్చట తెలుపుదమని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా చెల్లెలి కాపురము లాస్ ఏంజిలిస్ నగరమునకు పడమటి దెసను. మొన్నటి వేసవికి రమ్మని వారు పట్టుపట్టి టిక్కెట్లు పంపగా, బడి మూసిన మరుసటి వారమే మా వారును మేమును బయలుదేరితిమి. అచ్చటి నగరముల వైభవమును గూర్చి పలువురు వ్రాసియే యున్నారు. మేము మరల వర్ణింపబోము. ఒక నాడు మరదిగారు, "దీవి చూచివత్తము" అని వెంచురా రేవునకు మమ్ము తీసికొని పోయిరి.

దీవిలో అంగడి లేదు. కావున తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, చపాతీలు కాల్చి, పెరుగన్నము గిన్నెలకెత్తితిమి. అలవాటు చొప్పున సోంపుడబ్బాయు చేతిసంచిలో వేసికొంటిమి. రేవున పడవ యెక్కుటకు ముందొక విచిత్రము జరిగెను. పాదరక్షల అడుగులకు అంటిన మట్టిని, విత్తనములను కుంచెతో గీకివేసికొని రమ్మనిరి. మొక్కగాని, మన్నుగాని, కట్టెలుగాని, అట్టపెట్టెలుగాని దీవికి తేరాదట. వానితో పురుగులును కలుపువిత్తులును వచ్చునట. కోవెలలోనికి పోవువారు కాళ్ళు కడుగుకొనునట్లు అందరమును ఒంగి పాదరక్షలు శుభ్రపరచుకొంటిమి. సంచిలో నున్న సోంపు గింజలు గూడ విత్తనములే యన్న మాట మాలో ఒక్కరికిని తట్టలేదు. వంటింటి డబ్బాలో చేరిన వస్తువు విత్తనమని తోచదు గదా!

తీరమునుండి దీవి 20 మైళ్ళ దరిదాపు. పడవకు గంట ప్రయాణము. ఆ ప్రాంతమున మే మాసమున ఉదయము లెల్ల సముద్రముపై బూడిదరంగు మంచు కప్పుకొని యుండును. మా చెల్లెలి పిల్లలు పడవకు తోడుగా దుముకుచు వచ్చు డాల్ఫినులను లెక్కించుచుండగా, మేము మాత్రము కొంగు నెత్తిన కప్పుకొని, కడుపులో త్రిప్పుడు నణచుకొనుచు కూర్చుంటిమి. అనకాపా యను చిన్నదీవి నల్లని గోడవలె నిలిచి కనుమరుగయ్యెను. పిమ్మట మంచు విచ్చి, ఎండలో పండుగడ్డి రంగున నిడుపాటి కొండలు తేలినవి. అదే శాంటాక్రూజ్.

ఈ దీవి పొడవు సుమారు 22 మైళ్ళు. వైశాల్యము 96 చదరపు మైళ్ళు. ఆ తీరపు దీవులలో ఇదియే పెద్దది. 1980లో ఏర్పడిన జాతీయోద్యానమునకు చెందిన ఐదు దీవులలో ఇది యొకటి. తూర్పు కొస ఉద్యానమువారిది. తక్కిన ముప్పాతిక భాగము నేచర్ కన్సర్వెన్సీ యను ప్రకృతి సంరక్షణ సంఘమువారి సొత్తు. వేల యేండ్లు ఇచ్చట చూమాష్ జనులు కాపురముండిరి. వారు దీనిని లిమూవ్ అని పిలిచిరి. పలకలను కుట్టి, సందులలో తారు పూసి చేసిన పడవలపై తీరమునకును దీవికిని రాకపోకలు సాగించెడివారు. పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున వారు దీవిని విడిచి తీరమందలి క్రైస్తవమఠముల పాలైరి. తరువాత వచ్చినవి గొఱ్ఱెలు, పందులు, పశువులు.

పడవ దిగి పాత పశువులశాల యిండ్ల ప్రక్కగా నడచితిమి. బాట కిరువైపుల నిలువెత్తు ఎండుకాడలు. వాని మొదళ్ళనుండి దారములవంటి లేతపచ్చని ఆకులు గుబురుగా లేచుచున్నవి. చూచుటకు మన సోయకూరను పోలి యున్నవి గాని దానికన్న చాల యెత్తు. ఏదో కలుపని దాటిపోయితిమి.

చెట్లక్రింద బల్లలు వేసిన చోట భోజనమునకు కూర్చుంటిమి. బల్ల ప్రక్కన బరువైన యినుపపెట్టె యొకటి కలదు. ఆహారపదార్థములను విప్పి బయట నుంచరాదనియు, నక్కలు రాగలవనియు దానిపై వ్రాసియున్నది. పగటిపూట నక్క యేల వచ్చునని మేము తేలికగా తీసికొంటిమి. తిని ముగించి, సముద్రము వైపు తిరిగి పడవలను చూచుచుండగా, "అక్కా! సంచి! సంచి!" అని చెల్లెలు కేక వేసెను. తిరిగి చూచుసరికి మా చేతిసంచిని మూతితో పట్టి యొక జంతువు యీడ్చుచున్నది. పిల్లి యనుకొంటిమి. తోక చూచినగాని నక్కయని తెలియలేదు.

సరిగా మన పెంపుడుపిల్లి యంత. బరువు నాలుగైదు పౌనులకు మించదట. వీపు బూడిదవన్నె, చెవుల వెనుకను ప్రక్కలను కావిరంగు, గొంతు తెలుపు, తోకపై నల్లని చార. మేము లేచినను అది పరుగెత్తలేదు. రెండడుగులు వెనుకకు వేసి, తల ప్రక్కకు వంచి, ఇరుగుపొరుగు బిడ్డ గడపలో నిలిచి చూచినట్లు మావైపు చూచెను. మనిషికి భయపడుటను అది నేర్చియే యుండలేదు.

మాకు బాల్యమున మా తండ్రిగారు అమరము వల్లె వేయించిరి. నక్కకు అందుగల పేర్లలో వంచకము, మృగధూర్తకము అనునవి కలవు. చిన్నయసూరిగారి నీతిచంద్రికయందు సింహమునకు ఎద్దునకు పగ పెట్టిన దమనకుడును నక్కయే. నక్క జిత్తులన్న మాట మన నోట నూరకయే వచ్చును. ఆ పేర్లన్నియు ఈ చిన్న ప్రాణిపై నెంతమాత్రమును ఇముడలేదు. దాని జిత్తు అంతయు ఒక సంచి నోరు విప్పుట వఱకే.

ఐనను ఆ యొక్క జిత్తు చాలెను. సంచిలోనుండి సోంపుడబ్బా దొర్లి, మూత యూడి, గింజలన్నియు మట్టిలో పడినవి. అంతలో ఉద్యానమున పనిచేయు నొక యువతి అటు వచ్చి, నక్కను చప్పట్లతో సాగనంపి, ఆ గింజలను చూచినది. ఆమె ముఖము మారెను. "దయచేసి ఒక్కటియు విడువక ఏరుకొనుడు" అని తానును మోకాళ్ళపై కూర్చుండెను. మేము అయిదుగురమును ఒంగి అరగంట సేపు ఏరితిమి. బియ్యములో రాళ్ళేరుటకు అలవడిన చేతులు గనుక మావియు చెల్లెలివియు త్వరగా నడచినవి. మా వారును మరదిగారును మట్టినే ఎక్కువగా ఏరిరి. ఏరుచుండగా ఆమె బాట ప్రక్క నున్న ఎండుకాడలను చూపి, "అవి యేమో యెరుగుదురా?" అనెను. మా చెల్లెలు లేచి ఒక ఆకుకొసను నలిపి మూతి చెంతకు తెచ్చుకొని, "అక్కా, ఇది సోంపే!" అనెను. మేమును నలిపి చూచితిమి. నిజమే. అది మన తాంబూలపు పళ్ళెరపు వాసన!

ఏడు సముద్రముల కావల పుట్టింటి వస్తువు కనబడినట్లు మాకు సంతోషము కలిగెను. ఆ సంతోషమును ఆ యువతి ముందు దాచుకొనవలసి వచ్చెను.

సోంపు నిజమునకు మనదియు గాదు, కాలిఫోర్నియాదియు గాదు. మధ్యధరా సముద్రతీరములు దాని పుట్టిల్లు. గ్రీకు భాషలో దానికి మారథాన్ అని పేరు. క్రీ. పూ. 490లో పారసీకులతో పోరు జరిగిన మైదానమునకు ఆ మొక్కలవలననే ఆ పేరు వచ్చెనందురు. మన అమరమున శతపుష్ప, అతిచ్ఛత్ర, మధుర, మిసి యను పేర్లు ఈ తెగ మొక్కలకే చెప్పబడినవి. పూగుత్తి గొడుగువలె విప్పుకొనును గనుక ఛత్రము, రుచిచేత మధుర. ఎంత చక్కని పేర్లు! వేరు లోతునకు పోవును. కాడ నరికిన మరల మొలచును. ఒక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. అవి నేలలో ఏండ్ల తరబడి చావక కాచుకొని యుండును.

ఆ యువతి చెప్పిన కథ యిది. పందొమ్మిదవ శతాబ్ది నడుమనుండి గొఱ్ఱెలు ఈ దీవిని నున్నగా గొరిగినవి. పందులు కొన్ని తప్పించుకొని అడవిపందులై పెరిగినవి. 1978లో సంరక్షణసంఘమువారు దీవిలో హక్కు సంపాదించి, నేల బ్రతుకవలెనన్న గొఱ్ఱెలు పోవలెనని నిశ్చయించిరి. 1981 మొదలు 1987 వఱకు 37,000 పైబడిన గొఱ్ఱెలను తొలగించిరి, చాలవఱకు తుపాకితోనే. తరువాత పశువులను గూడ పంపివేసిరి. మేయు నోళ్ళు పోయినవి. నాలుగైదేండ్ల కఱవు తీరి వానలు పడినవి. అన్నియు మేలునకే యనుకొనిరి. కాని అప్పటివఱకు పశువుల పండ్లక్రింద అణగియున్న సోంపు, దీవి నడిమిలోయలో మనిషిని మించిన యెత్తున తోపులై లేచెను. దానిలో దూరిన మనిషి బయటికి కనబడడట. దీవికి సొంతమైన చిన్నమొక్కలకు దానిక్రింద వెలుతురే లేకపోయెను.

ఆ తోపులు పందులకు కోటలైనవి. మరుగు అదే, మేత అదే. పందులు నేలను పెల్లగించుచుండును. పెల్లగించిన నేలలో కలుపు మరింత మొలచును. పందిపిల్లల ఆశచేత 1990 దశకమున తీరమునుండి బంగారువన్నె మెడగల పెద్దగ్రద్దలు దీవికి వచ్చి గూళ్ళు కట్టినవి. పూర్వ మవి రాకుండ కాచినవి తెల్లతల గ్రద్దలు. ఇవి చేపలను తినును, నక్కల జోలికి పోవు, పరగ్రద్దను తమ పొలిమేరలోనికి రానీయవు. ఆ కావలివారు మాత్రము అప్పటికే లేరు. లాస్ ఏంజిలిస్ తీరమందలి యొక రసాయన కర్మాగారమునుండి డి. డి. టి. ఏండ్ల తరబడి సముద్రమున కలియగా, అది చేపలలో చేరి, చేపలనుండి గ్రద్దలలో చేరి, వాని గ్రుడ్లపెంకులు పలుచబారి పొదుగునప్పుడే చితికిపోయెడివి. 1960 దశకము నడిమికి ఆ దీవులలో తెల్లతల గ్రద్ద యొక్కటియు మిగులలేదు. మలేరియా దోమలకై మన యూళ్ళలో గోడలకు చల్లించుకొన్న తెల్లని మందు ఇదియే. చల్లినవారు పోవుచుండగా పిల్లలము వెంటబడి చూచెడివారము.

ఇట్లు పందికై వచ్చిన గ్రద్దకు నక్క దొరకెను. దీవిలో నేలమీద నక్కను మించిన వేటజంతువు లేదు; ఆకాశమువైపు చూచి భయపడవలసిన పని దానికి వేల యేండ్లుగా కలుగలేదు. పట్టపగలు బట్టబయట తిరుగుట దాని యలవాటు. 1994 ప్రాంతమున ఈ దీవిలో సుమారు 1,500 నక్కలుండగా ఏడెనిమిదేండ్లలో వందకు లోబడినవి. పొదలు తక్కువైన పొరుగుదీవులు శాన్ మిగెల్, శాంటారోజాలలో ఒక్కొక్కదానియందు పదునైదేసి మాత్రము మిగిలినవి. పదునైదు! మన వీథిలో కుక్కలే అంతకన్న ఎక్కువగా నుండును.

పిమ్మటి కథ కొంత ఊరట గలది. మిగిలిన నక్కలను దీవులలోనే దొడ్లు కట్టి కాపాడి, జతకూర్చి పిల్లలను పెంచిరి. 2004లో వానిని అంతరించుచున్న జాతిగా ప్రకటించిరి. పెద్దగ్రద్దలను చంపలేదు, 1999 మొదలు 2006 వఱకు 44 గ్రద్దలను బ్రతికి పట్టి ఉత్తర కాలిఫోర్నియాకు చేర్చిరి. తెల్లతల గ్రద్దపిల్లలను 2002 మొదలుగా తెచ్చి దీవిలో విడిచిరి. 2006లో ఇచ్చటనే ఒక గ్రద్దజంట మానవసాయము లేక గ్రుడ్డు పొదిగి పిల్లను చేసెను. ఆ దీవులలో అది యేబదియేండ్లకు పైగా జరుగని మాట. దొడ్లలోని నక్కలను మరల కొండలపై విడిచిరి. 2016లో ఆ మూడు ఉత్తరదీవుల నక్కలను అంతరించుచున్న వాని పట్టికనుండి తీసివేసిరి. అప్పటికి శాంటాక్రూజ్‌లో నక్కలు రెండువేల దరిదాపుకు వచ్చినవి. ఇంత శీఘ్రముగా కోలుకొన్న క్షీరజంతువు ఆ దేశపు పట్టికలో మరొకటి లేదట. ఇప్పటికిని కొన్నిటి మెడకు రేడియోపట్టీలు కట్టి, తెగుళ్ళకు సూదిమందు వేయుచు, ఏటేట లెక్కించుచున్నారు.

పందుల మాట మా చెల్లెలి కుమారుడు అడుగువఱకు ఆమె చెప్పలేదు. 2005 మొదలు రెండేండ్లలో అయిదువేలకు పైగా పందులను కాల్చి చంపిరి. ఎనిమిదేండ్ల వాడు చాల సేపు ఊరకుండి, "గ్రద్దలను పట్టి పంపిరి గదా, పందులను పంపరాదా? అవి యేమి పాపము చేసినవి?" అనెను. ఆ యువతి కోపపడలేదు. "నేనును అదే యడిగెడిదానను. పందులకు లోకమెల్ల చోటు కలదు. ఈ నక్కకు ఈ దీవి దప్ప లేదు. అంతకుమించి చెప్పలేను" అనెను. మా వారు మెల్లగా, "గ్రద్ద అందముగా నుండును గదా" అనిరి. ఆ మాట ఆమెకు అర్థము కాకుండుటయే మేలయ్యెను.

మేము మాంసము ముట్టని యింట పుట్టి, అట్టి యింటనే మెట్టినవారము. అయిదువేల ప్రాణముల లెక్క వినగా చేతిలోని గింజలు చేదుగా తోచినవి. వలదనుటకును మాకు నోరాడలేదు. ఏలయన ఆ క్షణముననే ఆ నక్క మరల వచ్చి, పదడుగుల దూరమున పొద నీడను ముడుచుకొని పండుకొని, మమ్ము చూచుచున్నది. దాని ముఖము చూచుచు, "నీవు పోయినను సరే" యని యెట్లు చెప్పగలము?

మధురయను పేరుగల మొక్క దీవికి శత్రువైనది. వంచకమను పేరుగల జంతువునకు వంచన యన నేమో తెలియదు. కాని మొక్కకు మాత్రము శత్రుత్వ మెవ్వరు నేర్పిరి? అది తన పుట్టింట నుండినచో, దానిని తిను పురుగులును దానితో పెనగు మొక్కలును ఉండి, దానిని దాని హద్దులో నుంచియుండును. ఎత్తుకొని వచ్చి, అడ్డులేని చోట విడిచి, పిమ్మట "పెరిగినావే!" యని తిట్టుచున్నాము. మన వయ్యారిభామ సంగతియు నింతే. ఎవరో సొంపైన పేరు పెట్టిరి. ఇప్పుడది గట్లన్నియు ఆక్రమించి, పీకువారి చేతులకు దురద పెట్టుచున్నది. మా యూరి చేలలో ఒకప్పుడు సందెవేళ గుంటనక్క కనబడెడిదని మా అత్తగారు చెప్పుదురు. మాకు కాపురమునకు వచ్చినది మొదలు ఒక్కటియు కనబడలేదు. దానిని ఎవ్వరును లెక్కించినట్లును లేదు.

సాయంకాలము ఒక కొండకొమ్ము వఱకు నడచి, సముద్రమును చూచి, పడవ వేళకు దిగివచ్చితిమి. దారిపొడుగునను సోంపు కనబడుచునే యుండెను. ఉదయమున గుర్తింపనిది ఇప్పుడు ప్రతి మలుపునను గుర్తునకు వచ్చుచున్నది. ఏండ్లుగా నరికియు, మందు కొట్టియు తగ్గించుచునే యున్నారట. మందు కొట్టిన చోట మరల పరదేశపు గడ్డియే మొలచినదట. చెల్లెలు అలవాటుగా ఒక రెమ్మ త్రుంపబోయి, మా చూపు చూచి చేయి వెనుకకు తీసికొనెను. పెరికినచో మేలే గదా యని మరదిగారు వాదించిరి. అది నిజమో కాదో మాలో ఎవ్వరికిని తేలలేదు. రెమ్మ అచ్చటనే యుండెను.

ఏరిన గింజలను మట్టితో సహా కాగితమున పొట్లము కట్టి, రేవు చేరువఱకు మేమే చేత పట్టుకొంటిమి. మరల సంచిలో వేయుటకు మనసొప్పలేదు. రాత్రి చెల్లెలి యింట చీర మార్చుకొనుచు దులిపినప్పుడు కుచ్చెళ్ళ మడతలోనుండి మూడు గింజలు నేల రాలినవి. పిల్లవాడు వానిని ఏరి, దీపము చెంత లెక్కించి, "పెద్దమ్మా, అచ్చట ఎన్ని మిగిలినవో?" అనెను.